సెగోవియాలో ఇసబెల్లా రాణి టూరు: రెండుసార్లు వెళ్ళొచ్చాక

స్పెయిన్‌లోని సెగోవియాలో, పదిహేనో శతాబ్దంలో కాస్టీల్ రాజ్యాన్ని ఏలిన ఇసబెల్లా రాణి మీద మూడున్నర గంటల నడక టూరు ఒకటుంది. దానికి నేను రెండుసార్లు వెళ్ళాను. ఏప్రిల్‌లో మా అమ్మాయితో, జూన్‌లో ఒక్కదాన్నే. మనిషికి 34 యూరోలు, అల్కాసర్ కోట టికెట్ అందులోనే కలిసి ఉంటుంది. మొదటిసారి వచ్చాక రెండు స్టార్లు ఇచ్చి ఊరుకుందామనుకున్నాను. రెండోసారి వచ్చాక ఐదూ ఇవ్వాలనిపించింది. నడిచిన దారి అదే, ఆగిన చోట్లు అవే, చేతిలో పెట్టిన బ్రోషర్ కూడా అదే. మారింది గైడ్ ఒక్కరే. ఆ తేడా ఏమిటో వివరంగా రాస్తేగానీ వెళ్ళాలనుకునేవాళ్ళకి లాభం లేదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఎవరితో వెళ్ళినా ఉపయోగపడేలా రాయాలని నా ఉద్దేశం.

నేను ట్రెజరీ శాఖలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. బిల్లులు, పద్దులు, పెన్షన్ కాగితాలు చూసీ చూసీ, ఏ రాజు కథ విన్నా నా మనసు ముందు ఖజానా వైపే పోతుంది. డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఎవరికి ఎంత రాసిచ్చారు అని. ఇసబెల్లా గురించి నాకు ముందు తెలిసింది కొంచెమే. కొలంబస్‌ని పంపిన రాణి అని, యూదుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టిన రాణి అని, అంతే. మిగతాది ఈ టూర్ల వల్ల కొంత, మాడ్రిడ్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని చదువుకోవడం వల్ల కొంత తెలిసింది.

వెళ్ళడం సులువే. మాడ్రిడ్ చమార్తిన్ స్టేషన్‌లో స్పీడు రైలెక్కితే అరగంట లోపే సెగోవియా. స్టేషన్ ఊరికి దూరంగా పొలాల మధ్య ఉంటుంది, రైలు వచ్చే వేళకి బయట బస్సు ఉంటుంది, అది రోమన్ల కాలం నాటి నీటి వంతెన దగ్గర దింపుతుంది. టూరు మొదలయ్యేది ఆ వంతెన కిందే.

ఏప్రిల్ టూరు గురించి త్వరగా చెప్పేస్తాను. గైడ్ కుర్రవాడు, హుషారైనవాడు, గొంతు బాగుంది. చెవిలో పెట్టుకోమని ఇచ్చిన యంత్రం గరగరమంటూనే ఉంది, మార్చమంటే ఇంకోటి లేదన్నారు. అతను చెప్పినదంతా ప్రేమకథ. 1469లో పక్క రాజ్యం అరగాన్ యువరాజు, 17 ఏళ్ళ ఫెర్డినాండ్, గాడిదలు తోలే కూలివాడి వేషం వేసుకుని, అరగాన్ సరిహద్దు దాటి, తను ఎన్నడూ చూడని 18 ఏళ్ళ ఇసబెల్లా కోసం వయ్యదొలీద్ దాకా వచ్చాడు. అక్టోబర్ 19న పెళ్ళి. ఇది నిజంగా జరిగిందే. చెప్పడం కూడా బాగా చెప్పాడు, మా అమ్మాయి కళ్ళు మెరిశాయి.

కానీ ఆ పెళ్ళికి ముందే, అదే ఏడాది, సెర్వేరాలో ఒక ఒప్పందం రాసుకున్నారని అతను చెప్పలేదు. ఫెర్డినాండ్ కాస్టీల్‌లోనే కాపురం ఉండాలి. ఆమె ఒప్పుకోకుండా అక్కడ పదవులు, కోటలు ఎవరికీ ఇవ్వకూడదు. ఆమెను రాజ్యం దాటించి తీసుకుపోకూడదు. పెళ్ళికొడుకు ముఖం చూడకముందే ఆ అమ్మాయి పక్షం వాళ్ళు సంతకాలు పెట్టించుకున్న షరతులివి. ఇంకో సంగతి, ఇద్దరూ దగ్గరి బంధువులు కాబట్టి పోప్ అనుమతి కావాలి. పెళ్ళిలో చదివిన అనుమతి పత్రం దొంగది. అసలుది రెండేళ్ళ తర్వాత, 1471లో వచ్చింది. ఆమె అన్న, కాస్టీల్ రాజు నాలుగో ఎన్రిక్, ఈ సంబంధం వద్దన్నాడు. వద్దన్నా చేసుకుంది. ఇవన్నీ వదిలేసి గాడిదల కథ ఒక్కటే చెబితే, ఆ పిల్ల ఎవరో వచ్చి తీసుకెళ్ళడానికి ఎదురుచూసిన రాకుమారిలా కనిపిస్తుంది. ఆమె అలాంటి మనిషి కాదు. నా రెండు స్టార్లకి కారణం అదే.

జూన్‌లో మళ్ళీ ఎందుకు వెళ్ళానంటే, ఈలోగా చదివింది మనసులో ఉండిపోయింది, ఆ చోట్లు ఇంకోసారి చూడాలనిపించింది. ఈసారి గైడ్ యాభై దాటిన ఆవిడ. ఆ ఊళ్ళోనే పుట్టి, బడిలో చరిత్ర పాఠాలు చెప్పి మానేసిన మనిషి. వంతెన కింద పన్నెండుమందిమి నిలబడి ఉంటే, మొదటి మాటగా మమ్మల్నే అడిగింది: "మీరు రేపు ఈ రాజ్యానికి రాణి కావాలి. ఇవాళ మీ చేతిలో ఏం ఉండాలి?" ఒకాయన సైన్యం అన్నాడు. ఇంకొకామె పోప్ ఆశీర్వాదం అంది. నేను "ఖజానా తాళాలు" అన్నాను. ఆవిడ నావైపు తిరిగి, "సెన్యోరా, మీరు ఏం ఉద్యోగం చేసేవారు?" అని అడిగింది. ఆ క్షణం నుంచి మూడున్నర గంటలూ నేను ఆవిడ పక్కనే నడిచాను.

సంగతేమిటంటే, కాస్టీల్ రాజుల ఖజానా అప్పట్లో సెగోవియా అల్కాసర్‌లో ఉండేది. దాని అధికారి ఆండ్రెస్ కాబ్రేరా. అతని భార్య బెయాట్రిస్ దె బొబాదియా ఇసబెల్లాకి చిన్ననాటి స్నేహితురాలు. ఎన్రిక్ రాజు 1468లో ఇసబెల్లాని వారసురాలిగా ఒప్పుకుని, ఆమె తన మాట కాదని పెళ్ళి చేసుకున్నాక 1470లో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు, తన కూతురు హువానాకే రాజ్యం అన్నాడు. మూడేళ్ళు అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. 1473 డిసెంబర్ చివర్లో ఇద్దరినీ సెగోవియాలో కలిపింది ఈ కాబ్రేరా దంపతులే. రాజు ఆమె గుర్రం కళ్ళెం తనే పట్టుకుని వీధుల్లో నడిచాడు. వారసత్వం గురించి కాగితం మీద ఏమీ రాసివ్వలేదు. కానీ ఊరంతా చూసింది. ఇసబెల్లాకి కావాల్సింది అదే. ఆ తర్వాత ఆమె ఎక్కువగా సెగోవియాలోనే ఉండిపోయింది, ఖజానా ఉన్న ఊళ్ళో, తాళాలున్న మనిషి పక్కన.

ఊరి పెద్ద చౌకు ప్లాసా మయోర్‌లో ఆగినప్పుడు ఇదంతా అర్థమైంది. 1474 డిసెంబర్ 11 రాత్రి ఎన్రిక్ మాడ్రిడ్‌లో చనిపోయాడు. 13న ఇసబెల్లా ఈ చౌకులో, సాన్ మిగేల్ చర్చి ముందు కట్టిన వేదిక మీద, తనను కాస్టీల్ రాణిగా ప్రకటింపజేసుకుంది. ముందు అన్నకి తద్దినపు పూజ, నల్ల బట్టలు. వెంటనే అవి మార్చి నగలు, పట్టు. రెండు రోజులు కూడా పూర్తిగా గడవలేదు. భర్త అప్పుడు సరగోసాలో ఉన్నాడు, అతని కోసం ఆగలేదు. ఊరేగింపులో ఆమె ముందు గుతియెర్రె దె కార్దెనాస్ అనే పెద్దమనిషి ఒర లేని కత్తిని ఎత్తి పట్టుకుని నడిచాడు. అది నేరస్థుల్ని శిక్షించే అధికారానికి గుర్తు, మగ రాజుల ముందు పట్టేది. ఆడదాని ముందు ఆ కత్తేమిటని జనంలో కొందరు గొణిగారని ఆ కాలం వాళ్ళే రాశారు. కబురు విన్న ఫెర్డినాండ్ కూడా నొచ్చుకున్నాడు.

అప్పటి చర్చి ఇప్పుడు లేదు. చౌకు మధ్యలో ఉండేది, 1532లో కూలిపోతే పక్కకి జరిపి కట్టారు. గైడ్ మమ్మల్ని ఆ ఖాళీ జాగాలోనే, కాఫీ హోటల్ కుర్చీల పక్కన నిలబెట్టి ఈ కథ చెప్పింది. ఏప్రిల్‌లో ఇదే చోట రాణి వేషం కట్టిన ఒక అమ్మాయి వచ్చి ఏదో చదివి, ఫొటోలు దిగి వెళ్ళింది. జూన్‌లోనూ వచ్చింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఎండలో బరువైన బట్టల్లో కష్టపడుతోంది. కానీ ఆ పది నిమిషాలు కంపెనీ వాళ్ళు తీసేసి, ఒప్పందం గురించి చెప్పడానికి గైడ్‌కి ఇస్తే బాగుంటుంది.

ఏ ఒప్పందమంటే, ఫెర్డినాండ్ 1475 జనవరి 2న సెగోవియా వచ్చాడు. కాస్టీల్‌కి మగ వారసుడు కావాలంటే తనే అని అతని వైపు వాళ్ళ వాదన, అతని ముత్తాతలదీ ఆ వంశమే కాబట్టి. ఇసబెల్లా గొడవ పడలేదు. వాళ్ళకి అప్పటికి ఒక్కతే సంతానం, నాలుగేళ్ళ ఆడపిల్ల. ఆడవాళ్ళకి హక్కు లేదని మనమే ఒప్పుకుంటే రేపు మన కూతురి గతేమిటి అని అడిగింది. జనవరి 15న రాసుకున్న ఒప్పందం చూస్తే ఆమె తెలివి తెలుస్తుంది. నాణేల మీద, హుకుముల్లో ఇద్దరి పేర్లూ ఉంటాయి, ముందు అతని పేరు. రాజముద్రల్లో ముందు కాస్టీల్ గుర్తులు. కోటల అధికారుల్ని వేసేది, వాళ్ళ చేత విధేయత ప్రమాణం తీసుకునేది ఆమె. కాస్టీల్ ఆదాయం ముందు కాస్టీల్ ఖర్చులకే. ముందు రాసే పేరు అతనికిచ్చింది, తాళాలు తన దగ్గర పెట్టుకుంది. ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా ఈ పంపకం విలువ తెలుస్తుంది.

బ్రోషర్‌లో "తాంతో మోంతా" అన్న మాటకి "ఇద్దరూ సమానమే" అని అర్థం రాశారు. అది తప్పు. అది ఫెర్డినాండ్ సొంత చిహ్నం మీది మాట. ఎవరూ విప్పలేని ముడిని అలెగ్జాండర్ కత్తితో కోసేసిన కథలోది: విప్పినా ఒకటే, కోసినా ఒకటే అని. సమానం అన్న అర్థం జనం నోట తర్వాత చేరింది. అలాగే ఈ పెళ్ళితో స్పెయిన్ ఒక్క దేశమైపోయిందని రాశారు. కాస్టీల్ చట్టాలు, పన్నులు, నాణేలు వేరు, అరగాన్‌వి వేరు, వాళ్ళిద్దరూ పోయాక కూడా చాలాకాలం అలాగే నడిచాయి.

ఇక అల్కాసర్. ఫొటోల్లో కనిపించే ఆ కోసైన పలకరాతి కప్పులు ఇసబెల్లా కాలంవి కావు, ఆమె మునిమనవడు రెండో ఫిలిప్ కాలంవి. 1862లో కోట తగలబడింది కూడా, లోపలి చెక్క కప్పులు చాలావరకు తర్వాత చేసినవే. ఈ నిజం గైడ్ ముందే చెప్పేసింది, నాకు నచ్చింది. రాజుల హాల్లో గోడల పైన వరసగా 52 మంది రాజులు, రాణుల బొమ్మలు కూర్చుని ఉంటాయి. ఓడ గది అనే పెద్ద గదిలో ఇసబెల్లా పట్టాభిషేకం మీద ఈ కాలం చిత్రకారుడు వేసిన గోడబొమ్మ ఉంది, దాని ముందే అందరూ ఆగిపోతారు. మీరు కూడా ఆగండి, కానీ శక్తి మిగుల్చుకుని మళ్ళీ బయటి గుమ్మం దగ్గరికి రండి. ఈ టూరులో నేను 34 యూరోలూ ఇచ్చింది ఆ గుమ్మం దగ్గర విన్నదానికే అనుకుంటాను.

1476 వేసవి. అంతకుముందు ఏడు పోర్చుగల్ రాజు హువానా పక్షాన కాస్టీల్ మీదికి వచ్చాడు, ఈ ఏడు మార్చిలో తోరో దగ్గర యుద్ధం జరిగింది. అందులో ఎవరు గెలిచారో తేల్చడం కష్టం. కానీ మేం గెలిచామని ఊరూరికీ ఉత్తరాలు పంపింది ఇసబెల్లా, ఫెర్డినాండ్‌లే. ఏప్రిల్‌లో మద్రిగాల్‌లో సభ పెట్టి కూతురిని వారసురాలిగా ఒప్పించారు. ఆ ఐదేళ్ళ కూతుర్ని సెగోవియా అల్కాసర్‌లో కాబ్రేరా కుటుంబం దగ్గర ఉంచారు. కాబ్రేరా మీద ఊళ్ళో కోపం చాలా ఉంది. ఒకరోజు అతను లేని సమయంలో, పదవి పోగొట్టుకున్న పాత ఉద్యోగి ఒకడు మనుషులతో కోటలో జొరబడ్డాడు. కాపలావాళ్ళు పిల్లను తీసుకుని బురుజులోకి పోయి తలుపులు మూసుకున్నారు. ఊరంతా తిరుగుబాటుదారుల వెనక చేరింది.

ఇసబెల్లా అప్పుడు తోర్దెసియాస్‌లో ఉంది, వంద కిలోమీటర్ల పైన దూరం. ఫెర్డినాండ్ దగ్గర లేడు. సైన్యం పోగుచేయకుండా, కొద్దిమందితో గుర్రాల మీద బయల్దేరింది. ఊరి ద్వారం దగ్గర బిషప్పు, పెద్దలు ఎదురొచ్చి షరతులు పెట్టారు: కాబ్రేరా భార్యని, మీతో వచ్చిన బెనవెంతె ప్రభువుని లోపలికి తీసుకురావద్దు అని. నేను కాస్టీల్ రాణిని, ఈ ఊరు నాది, నా ఊళ్ళోకి నేను రావడానికి షరతులేమిటి అని జవాబిచ్చి, వాళ్ళ మధ్యనుంచే లోపలికి వెళ్ళిందని పుల్గార్ అనే ఆస్థాన చరిత్రకారుడు రాశాడు. కోట లోపలికి చేరాక జనం గుమ్మం మీద విరుచుకుపడ్డారు. పక్కనున్న పెద్దలందరూ తలుపులు గట్టిగా బిగించమన్నారు. ఆమె తెరవమంది. ఎంతమంది పడితే అంతమందిని లోపలికి రానివ్వండి అంది.

లోపలికి వచ్చినవాళ్ళని, మీ బాధేమిటో చెప్పండి, మీకు మంచిదేదో నాకూ మంచిదే అని అడిగింది. కాబ్రేరా మాకు వద్దన్నారు. సరే, తీసేశాను అంది. బురుజులు ఖాళీ చేసి నా మనుషులకి అప్పగించండి, ఫిర్యాదులేవో నేనే విచారిస్తాను అంది. సాయంత్రానికి ఊరు సద్దుమణిగింది. తర్వాత నిజంగానే విచారించింది. కింది ఉద్యోగుల్లో తప్పు చేసినవాళ్ళని శిక్షించింది, కాబ్రేరా మీద పెద్ద తప్పేమీ తేలలేదని అతన్ని మళ్ళీ అదే పదవిలో పెట్టింది.

గైడ్ ఇది చెబుతున్నప్పుడు మేమందరం ఆ గుమ్మంలోనే, ఎత్తిదించే వంతెనకి ఇవతల నిలబడి ఉన్నాం. కింద కందకం లోతుగా ఉంది. ఆ ఇరుకులో ఆయుధాలు పట్టుకున్న జనం తోసుకొస్తుంటే తలుపు తీయమనడం ఎలాంటిదో అక్కడ నిలబడితే తెలుస్తుంది. కూతురు పైన బురుజులో ఉంది. ఆమె వయసు 25. ధర్నా చేస్తున్న పెన్షనర్లు గేటు ముందు ఉండగా గేటు తీయాలా వద్దా అని మేం ఆఫీసులో తర్జనభర్జన పడిన రోజు నాకు గుర్తొచ్చింది. తీశాం, కూర్చోబెట్టి మాట్లాడాం, ఏమీ కాలేదు. అయినా ఆ పది నిమిషాల టెన్షన్ నాకింకా గుర్తుంది.

ఈ టూరులో లేనిది, ఉండి తీరాల్సింది, 1480. తొలేదోలో జరిగిన కోర్తెస్, అంటే రాజ్య ప్రతినిధుల సభ గురించి రెండుసార్లూ టూరులో భాగంగా చెప్పలేదు. జూన్‌లో రాజుల హాల్లో నేనే అడిగాను. గైడ్ గుంపుని బొమ్మలు చూడమని, నాతో పావుగంట మాట్లాడింది. ఎన్రిక్ కాలంలో బలమున్న ప్రభువులందరికీ సర్కారు ఆదాయం మీద ఏటేటా వర్షాశనాలు రాసిచ్చేశారు. అంగడి పన్నులోంచి ఇంత, రేవు సుంకంలోంచి ఇంత అని. కొందరు ఖాళీ కాగితాల మీద రాజు ముద్ర వేయించుకుని, అంకెలు తామే నింపుకున్నారు. ఖజానాకి రావాల్సింది దారిలోనే ఆగిపోయేది.

ఇసబెల్లా ఆ పని తన మతగురువు తలవేరాకి అప్పగించింది. ఒక్కో ఇనాము తీసి, ఇది ఎందుకిచ్చారు, ఏ సేవకి ఇచ్చారు అని అడిగి, సమాధానం లేనివి కొట్టేశారు, కొంత ఉన్నవి తగ్గించారు. ఏడాదికి దాదాపు 3 కోట్ల మరవేదీలు (అప్పటి కాస్టీల్ డబ్బు) ఖజానాకి తిరిగొచ్చాయి. ఎవరెవరికి కోత పడిందో చూడండి. ఫెర్డినాండ్ మేనమామ, నౌకాధిపతి ఎన్రికేస్‌కి 2,40,000. యుద్ధంలో తన పక్షాన నిలబడ్డ అల్బుర్కెర్కె డ్యూక్‌కి ఏకంగా 14,00,000. సొంత మనుషుల దగ్గర మొదలుపెట్టింది కాబట్టే మిగతావాళ్ళు నోరెత్తలేకపోయారు. ఇనాముల కత్తిరింపు అంటే ఏమిటో నాకు తెలుసు. ఒక్క అనర్హుడి పెన్షన్ ఆపితేనే ఎన్ని ఫోన్లు వస్తాయో తెలుసు. రాజ్యంలో పెద్ద ఇళ్ళన్నిటినీ ఒకేసారి తాకి, ఒక్క తిరుగుబాటు కూడా లేకుండా గట్టెక్కడం నా దృష్టిలో దక్షిణాన ఉన్న ముస్లిం రాజ్యం గ్రనడాని గెలవడం కన్నా పెద్ద పని.

కానీ అదే ఏడు ఆమె ఇంకో పని కూడా చేసింది. అది చెప్పింది కూడా ఆ గైడే, తన ఊరి బాధ కాబట్టి. కాబ్రేరాకి మోయా మార్క్విస్ బిరుదుతో పాటు, సెగోవియా ఊరికి చెందిన పల్లెల్లోంచి 1,200 కుటుంబాలను రాసిచ్చేసింది. ఒక చేత్తో ఇనాములు రద్దు చేస్తూ, ఇంకో చేత్తో ఊరి పల్లెలు దానం చేసింది. ఊరివాళ్ళు నల్లగుడ్డలు కప్పిన వేదికలు కట్టి నిరసన చదివారట. ఈ రోజు గుర్తుండిపోవాలని పిల్లల చెంపల మీద కొట్టారట. తనకి ఖజానా తాళం ఇచ్చిన మనిషికి ఆమె రుణం తీర్చుకుంది, ఆ ఖర్చు సెగోవియా భరించింది. ఇది విన్నాక ఆమె మీద నా గౌరవం తగ్గలేదు, కానీ రాణిని మెచ్చుకోవడానికే వచ్చిన నేను ఒక్క క్షణం ఆ పల్లెలవాళ్ళ వైపు నిలబడ్డాను.

టూరు చివర యూదుల పేట. ఏప్రిల్ గైడ్ ఇక్కడ ఐదు నిమిషాల్లో ముగించి, మిఠాయి కొట్టు చూపించి వదిలేశాడు. జూన్ గైడ్ అబ్రహాం సెనియోర్ ఇంటి ముందు నిలబెట్టింది. ఇప్పుడది ఆ పేట చరిత్ర చెప్పే కేంద్రం. ఈయన కాస్టీల్ యూదులకి పెద్ద, రాజ్యపు పన్నులు వసూలు చేసిన మనిషి. 1473లో అన్నాచెల్లెళ్ళని కలపడంలో ఈయన చెయ్యి కూడా ఉంది. గ్రనడా యుద్ధానికి డబ్బు సమకూర్చినవాళ్ళలో ఈయనొకడు. 1492 జనవరి 2న గ్రనడా లొంగింది. మార్చి 31న, బాప్తిస్మం తీసుకోని యూదులందరూ జూలై చివరికల్లా దేశం వదలాలని హుకుం వచ్చింది, బంగారం, వెండి తీసుకెళ్ళకూడదు. ఆపించాలని ఈయన, ఇంకో యూదు పెద్ద ఐజాక్ అబ్రవనెల్ ఎంతో ప్రయత్నించారు. అబ్రవనెల్ దేశం విడిచి వెళ్ళిపోయాడు. సెనియోర్‌కి అప్పటికి 80 ఏళ్ళు. జూన్‌లో గ్వాదలూపె మఠంలో బాప్తిస్మం తీసుకున్నాడు, రాజూ రాణీ దగ్గరుండి జ్ఞానపితరులుగా నిలబడ్డారు. ఇంటిపేరు కొరొనెల్‌గా మారింది.

ఇరవై ఏళ్ళు తన లెక్కలు చూసిన ముసలాయన్ని ఆ స్థితికి తెచ్చిన రాణిని నేను క్షమించలేను. ఆ కాలం అలాంటిది అనే మాట నాకు సరిపోదు, ఎందుకంటే మిగతా విషయాల్లో ఆ కాలం ఎలాంటిదో పట్టించుకోకుండా తను అనుకున్నది చేసిన మనిషి ఆమె. క్రైస్తవ మతం తప్పినవాళ్ళని శిక్షించే మత విచారణ మండలికి (ఇన్‌క్విజిషన్‌కి) పెద్దగా ఉన్న తొర్కెమాదా ఇదే ఊరి సాంతా క్రూస్ మఠాధిపతి, ఆ భవనం ఊరి కింద ఎరెస్మా నది వైపు ఇప్పటికీ ఉంది, ముఖద్వారం చూడొచ్చు. గైడ్ ఇదంతా గొంతు తగ్గించకుండా, రాణిని తిట్టకుండా, వరసగా చెప్పింది. అలా చెప్పడానికే నేను ఐదు స్టార్లు ఇస్తున్నాను.

బ్రోషర్‌లో ఇంకో పెద్ద తప్పు ఉంది. కొలంబస్ ఓడల కోసం రాణి నగలు అమ్మిందని. నగలు తాకట్టు పెట్టిన మాట నిజమే, కానీ అది 1489లో, గ్రనడా యుద్ధంలో బాసా ఊరి ముట్టడి ఖర్చుల కోసం, వలెన్సియాలో. కొలంబస్‌కి డబ్బు సర్దింది లూయిస్ దె సాంతాంఖెల్ అనే అరగాన్ ఆర్థికాధికారి, 11,40,000 మరవేదీలు. గ్రనడా యుద్ధంలో ఆమె అసలు పని కూడా ఇలా డబ్బూ సరుకూ సమకూర్చడమే. ఫెర్డినాండ్ ముందు నడిచి పోరాడుతుంటే, వెనక పిండి, గాడిదలు, ఫిరంగులు, జీతాలు, గాయపడ్డవాళ్ళకి గుడారాల ఆసుపత్రి ఆమె చూసుకుంది. ఆ పని గురించి బ్రోషర్‌లో ఒక్క వాక్యం లేదు, నగల గురించి మాత్రం పెద్ద రంగుబొమ్మ ఉంది. ఈ తప్పులన్నీ రాసి కంపెనీకి మెయిల్ పెట్టాను. పరిశీలిస్తామని జవాబొచ్చింది.

వెళ్ళేవాళ్ళకి కొన్ని విషయాలు. దారంతా రాళ్ళు పరిచిన ఎత్తుపల్లాల వీధులు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గట్టి బూట్లు వేసుకోండి. కోటలోని హువాన్ బురుజుకి 152 మెట్లు, సన్నటి మలుపు మెట్లు. నేను ఏప్రిల్‌లో ఎక్కాను, జూన్‌లో ఎక్కలేదు. ఎక్కనివాళ్ళకి కోట వెనక మేడ మీద నుంచి కూడా రెండు నదులు కలిసే చోటు కనిపిస్తుంది. భోజనం టూరులో లేదు. ఊరంతా పందిపిల్ల వేపుడుకి పేరు, పెద్ద చిక్కుడు గింజల కూర కనిపిస్తే మాంసం లేనిదేనా అని అడగండి, సాధారణంగా అందులోనూ వేస్తారు. చెవి యంత్రం వంతెన దగ్గరే పరీక్షించుకుని తీసుకోండి.

బుక్ చేసేటప్పుడు వేషధారణ ఉన్న టూరా, చరిత్ర ఎక్కువ చెప్పే గైడ్ వచ్చే టూరా అని ఫోన్ చేసి అడగండి, చెబుతారు. ఏ గైడ్ వచ్చినా సరే, కోట లోపల అంతా చూశాక గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి, 1476లో ఈ తలుపులు ఎవరు తెరిపించారో చెప్పమనండి. అక్కడ నీడ ఉంటుంది, కందకం పక్కన గోడ మీద కూర్చోవచ్చు, పది నిమిషాలు ఎవరూ కదలమనరు.